పాత కంప్యూటర్లతో వచ్చిన కేబుళ్లలో ఏది దేనిదో ఎలా తెలుస్తుంది?

ఒక కమోడోర్ 64 (1980ల నాటి ఇంటి కంప్యూటర్), ఒక 286 పీసీ (ఇంటెల్ 80286 ప్రాసెసర్ ఉన్న పాత పీసీ), వాటితోపాటు అట్టపెట్టె నిండా కేబుళ్లు దొరికాయన్నారు. ఏది ఎక్కడ పడుతుందో ఒక్కొక్కటీ పెట్టి చూడొచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. యూఎస్‌బీకి అలవాటుపడిన చేతికి ప్లగ్ పట్టిందంటే అది దానిదే అనిపిస్తుంది. ఆ కాలపు మెషిన్ల దగ్గర ఆ నమ్మకం పనికిరాదు. 12 ఏళ్లుగా వీటిని పోగుచేస్తున్నాను. నా చేతిలో పోయిన మొదటి బోర్డు ఇలాగే పోయింది.

అదీ 286 బోర్డే. ఏటీ రకం (ఆ కాలపు పీసీల) పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకి పీ8, పీ9 అని రెండు ప్లగ్గులు వస్తాయి, ఒక్కోదానికి ఆరు తీగల చోటు. చూడ్డానికి రెండూ ఒకటే, ఒకదాని చోట ఇంకొకటి పడుతుంది కూడా. దుమ్ము తుడవడానికని తీసి, తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేశాను. గ్రౌండ్ పిన్నుల్లోకి 5 వోల్టులు వెళ్లాయి. ఆ బోర్డు మళ్లీ ఆన్ కాలేదు, చాలా రోజులు బాధపడ్డాను. గుర్తు ఇదీ: రెండు ప్లగ్గులూ పెట్టాక నల్ల తీగలన్నీ మధ్యలో పక్కపక్కన రావాలి. స్విచ్ వేసే ముందు ఇప్పటికీ ఆ నల్ల తీగల మీద వేలు పెట్టి చూసుకుంటాను.

మీ పెట్టెలో ఎక్కువ శాతం ఇంగ్లిష్ డీ అక్షరం ఆకారపు కనెక్టర్లే ఉంటాయి. కానన్ (Cannon, కెమెరాల Canon కాదు) కంపెనీ 1952లో తెచ్చిన కుటుంబం ఇది. పేరులో డీ తర్వాతి అక్షరం చట్రం సైజుని, అంకె పిన్నుల సంఖ్యని చెబుతాయి. ఆ లెక్కన అందరూ డీబీ-9 అనేది నిజానికి డీఈ-9. మీరు కొనడానికి వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

పిన్నులు లెక్కపెట్టడంతో పని అయిపోదు, మెషిన్ వైపున్నది మేలా ఫిమేలా అన్నది చూడాలి. పీసీ వెనక 9 పిన్నుల మేల్ కనెక్టర్ ఉంటే దాదాపుగా సీరియల్ పోర్టే (మౌస్, మోడెమ్ లాంటివి తగిలించేది). 9 రంధ్రాల ఫిమేల్ అయితే ఎండీఏ, సీజీఏ, ఈజీఏ లాంటి పాత రకం మానిటర్లకి వెళ్లే వీడియో. ఆ మానిటర్లకూ ప్లగ్ ఒకటే, స్కానింగ్ వేగాలు వేరు: సీజీఏ సుమారు 15.7 కిలోహెర్ట్జ్, ఎండీఏ 18.4. ఎండీఏ మానిటర్‌ని సీజీఏ కార్డుకి తగిలిస్తే మానిటరే పాడైపోవచ్చు.

ఇక కమోడోర్ పక్కన కనిపించే రెండు 9 పిన్నుల పోర్టులు జాయ్‌స్టిక్‌లవి. పీసీ సీరియల్ కేబుల్ వాటికి చక్కగా పడుతుంది, నాకు భయం అక్కడే. సీరియల్ లైన్లలో సిగ్నల్ ప్లస్, మైనస్ 15 వోల్టుల దాకా ఉండొచ్చు. జాయ్‌స్టిక్ పోర్టు 5 వోల్టులది, దాని వెనక ఉన్నది సీఐఏ చిప్ (జాయ్‌స్టిక్, కీబోర్డు సిగ్నళ్లు చదివేది). 25 పిన్నుల వాటిదీ ఇదే తంతు. పీసీలో మేల్ సీరియల్, ఫిమేల్ ప్రింటర్. 1986 నాటి మెకింటాష్ ప్లస్‌లో మాత్రం అదే ఫిమేల్ స్కజీ (SCSI, హార్డ్ డిస్కుల్లాంటివి తగిలించే పోర్టు).

అన్నిటికంటే ముందు కమోడోర్ పవర్ అడాప్టర్ సంగతి చూడండి. గుండ్రటి 7 పిన్నుల డిన్ ప్లగ్ దానిది. అందులో 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ రెండూ వస్తాయి. పాతబడిన అడాప్టర్లలో రెగ్యులేటర్ చెడిపోయి ఆ 5 కాస్తా పెరుగుతుంది, ముందుగా ర్యామ్ చిప్పులు కాలిపోతాయి. కంప్యూటర్‌కి పెట్టకుండానే మల్టీమీటర్‌తో 2వ పిన్నుకీ 5వ పిన్నుకీ మధ్య కొలవండి. 5.25 దాటితే దాన్ని పక్కన పెట్టేయండి. ఈరోజు సరిగ్గా చూపించినా రేపు పెరగొచ్చు, అందుకే నేనైతే కొత్తగా తయారైన సప్లైనే వాడతాను.

రిబ్బన్ కేబుళ్లతో ఇంత టెన్షన్ లేదు. 34 పిన్నులది సాధారణంగా ఫ్లాపీ, 40 అయితే ఐడీఈ, అంటే హార్డ్ డిస్క్‌ది. ఎర్ర గీత ఉన్న అంచు 1వ పిన్ను వైపు. ఫ్లాపీ కేబుల్‌లో కొన్ని తీగలు మెలిపడి ఉంటాయి, ఆ మెలిక దాటాక తగిలించిన డ్రైవ్ 'A:' డ్రైవ్ అవుతుంది.

286 మూత తీయగానే, ఏదీ కదపకముందే ఫోటోలు తీసుకోండి. గుర్తుపట్టిన ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా చీటీ కట్టండి.