ఉద్యోగం మానేసే ముందు కాంట్రాక్ట్ నోట్ చూడవే

చిన్నీ,

నువ్వు ఉద్యోగం మానేసి షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగే చేస్తానన్నావట, మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నాకూ టెన్షన్‌గానే ఉంది గానీ, నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా ఉంది. బ్రోకర్ ఆఫీసులో ఇన్నేళ్లు ఊళ్లోవాళ్ల ఆర్డర్లు కొట్టిన మీ మావయ్యకే అంత ధైర్యం రాలేదు.

స్టాప్‌లాస్ పెట్టుకో, అప్పు తెచ్చి ఆడకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా ఎస్‌టీటీ, అదే మార్కెట్ లావాదేవీల మీద పడే పన్ను. 2004లో వచ్చిన ఈ పన్నుకి నీకు లాభమొచ్చిందా నష్టమొచ్చిందా అన్నది పట్టదు, ఆప్షన్ అమ్మిన ప్రతిసారీ పడుతుంది. 2024 అక్టోబర్‌లో ప్రీమియం మీద, అంటే ఆప్షన్ ధర మీద, 0.0625 నుంచి 0.1 శాతం చేశారు (ఇవాళ్టి రేటు నువ్వే చూసుకో, బడ్జెట్లలో మారుతుంటుంది). ఆ లెక్కన లక్షకి వంద. వందే కదా అంటావు. అదే లక్షని రోజుకి పదిసార్లు తిప్పితే వెయ్యి, ఏడాదికి 250 రోజులు తిప్పితే రెండున్నర లక్షలు, బ్రోకరేజీ కాకుండానే!

మా ఆఫీసుకి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చేవారు. 2019కి ముందు సంగతి. నిఫ్టీ 10,000 కాల్, అంటే నిఫ్టీ సూచీ 10,000 దాటితే దాటినంత తేడా చేతికొచ్చే ఆప్షన్, పది లాట్లు కొన్నారు, అప్పట్లో లాటుకి 75 యూనిట్లు. ఎక్స్‌పైరీ రోజు, అంటే ఆప్షన్ గడువు ముగిసే రోజు, మధ్యాహ్నం అమ్మేయండి మాస్టారూ అంటే, బ్రోకరేజీ దండగ, వదిలేస్తే డబ్బు దానంతటదే పడుతుందిగా అన్నారు. నిఫ్టీ 10,010 దగ్గర ముగిసింది. 750 యూనిట్లకి పదేసి రూపాయలు, రావాల్సింది 7,500. కానీ అలా వదిలేసిన ఆప్షన్‌కి పన్ను లాభం మీద కాదు, మొత్తం కాంట్రాక్ట్ విలువ మీద, 0.125 శాతం. 75 లక్షల మీద తొమ్మిది వేలు దాటింది. గెలిచి, ఎదురు కట్టారాయన. తెలిసినవాళ్లు పది రూపాయల ఆప్షన్‌ని ఏడుకో ఎనిమిదికో వదిలించుకునేవారు, అంటే పన్ను ధరనే వంచేసింది. 2019 సెప్టెంబర్ నుంచి చేతికొచ్చే ఆ తేడా మీదే వేస్తున్నారు, కానీ మాస్టారి ముఖం నేను మర్చిపోలేదు.

స్వీడన్‌లో 1984లో షేర్ల లావాదేవీల మీద ఇలాంటి పన్నే వేసి, 1986లో రెట్టింపు చేస్తే పెద్దోళ్లు వ్యాపారం లండన్‌కి తరలించారు, 1991లో ఎత్తేశారు. బెజవాడ నుంచి మనమెక్కడికి పోతామే? ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు ట్రేడర్లలో మూడేళ్లలో 93 శాతం మంది నష్టపోయారని 2024లో మార్కెట్లని అదుపు చేసే సెబీయే చెప్పింది. పిచ్చిపిల్లా, ఆ మిగిలిన ఏడుగురిలో నువ్వుంటావనే నాకూ ఆశ.

పోయిన నెల కాంట్రాక్ట్ నోట్లు, అవే బ్రోకర్ పంపే లావాదేవీల బిల్లులు, తీసి, ఎస్‌టీటీ కాలమ్ ఒక్కటి కూడి నాకు పంపు. రాజీనామా సంగతి అప్పుడు మాట్లాడదాం. ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి.

మావయ్య