‘పెద్ద క్యామ్’ అంటే ఏది పెద్ద?

సందేహం: మా భీమవరంలో కార్లకు మార్పులు చేయించుకునే కుర్రాళ్లు “దానికన్నా ఇది పెద్ద క్యామ్”, “కింద లాగదు గానీ పైన బాగా లాగుతుంది”, “స్టేజ్ టూ వేశాం, నాలుగు డిగ్రీలు ముందుకు పెట్టాం” అంటూ ఉంటారు. ఈ మాటలను ఇలాగే రాయవచ్చా? క్యామ్‌ను పెద్దది, చిన్నది అనడం సరైనదేనా? వాల్వు అని రాయాలా, కవాటం అనాలా?

సమాధానం: రాయవచ్చు. షెడ్డుల్లో రోజూ వాడే మాటలివి, వీటిలో వ్యాకరణ దోషమేమీ లేదు. చిక్కంతా ‘పెద్ద’ దగ్గరే ఉంది. క్యామ్ అంటే లోబులనే ఉబ్బులతో ఇంజన్ వాల్వులను తెరిచే తిరిగే కడ్డీ; గాలిని లోపలికి వదిలేవి ఇన్‌టేక్ వాల్వులు, పొగను బయటికి పంపేవి ఎగ్జాస్ట్ వాల్వులు.

తెలుగు విశేషణాలకు తరతమ రూపాలు లేవు. పెద్ద ఎప్పుడూ పెద్దే. దేనితో పోలుస్తున్నామో ‘కంటే’, ‘కన్నా’ చెబుతాయి. ఏ విషయంలో పోలుస్తున్నామో ‘లో’ చెబుతుంది. “అన్నకన్నా తమ్ముడు ఎత్తులో రెండంగుళాలు ఎక్కువ” అన్నప్పుడు ఈ రెండూ ఉన్నాయి. “దానికన్నా ఇది పెద్ద క్యామ్” అన్నప్పుడు ‘లో’ లేదు. క్యామ్‌కు మూడు కొలతలున్నాయి కాబట్టి ఆ లోటు గట్టిగానే తగులుతుంది. పైగా ఆ మూడింటిలో ఒకటి, అంకె తగ్గేకొద్దీ క్యామ్‌ను ఘాటు చేస్తుంది.

మొదటి కొలత లిఫ్ట్. దీన్ని కొందరు “వాల్వు లేచే ఎత్తు” అని రాస్తున్నారు. సైడ్ వాల్వు ఇంజన్లలో వాల్వు నిజంగానే పైకి లేచేది గనుక అక్కడ ఆ మాట అతికినట్టు సరిపోతుంది. ఇప్పటి కార్లలో వాల్వులు హెడ్డులో ఉంటాయి, తెరుచుకునేటప్పుడు సిలిండర్‌లోకి దిగుతాయి. అందుకని “వాల్వు తెరుచుకునే మేర” అనడం మేలు. లేదంటే లిఫ్ట్ అనే ఉంచండి. అయితే ఎవరి లిఫ్టో చెప్పాలి. లోబు ముక్కు 7 మి.మీ. లేపితే, 1.5 నిష్పత్తి ఉన్న రాకర్ (లోబు కదలికను వాల్వుకు అందించే మీట) వాల్వును 10.5 మి.మీ. తెరుస్తుంది. అదే క్యామ్ మీద 1.6 రాకర్ వేస్తే 11.2 మి.మీ. అవుతుంది. ఒకరు లోబు లిఫ్ట్, ఇంకొకరు వాల్వు లిఫ్ట్ చెప్పి పోల్చుకుంటే తేలేదేమీ ఉండదు.

రెండోది డ్యూరేషన్. ఎక్కువ గందరగోళం ఇక్కడే. దీన్ని ‘వ్యవధి’ అనో ‘కాలం’ అనో అనువదించడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఇది కోణం. వాల్వు తెరుచుకుని ఉన్నంతలో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎన్ని డిగ్రీలు తిరిగిందో అదే డ్యూరేషన్. 268 డిగ్రీల క్యామ్ 3,000 ఆర్పీఎం (నిమిషానికి క్రాంకు తిరిగే చుట్లు) దగ్గర వాల్వును ఇంచుమించు 15 మిల్లీసెకన్లు తెరిచి ఉంచుతుంది, 6,000 దగ్గర అందులో సగమే. కాలం మారింది, డిగ్రీలు మారలేదు. కాబట్టి “ఎంతసేపు” అనకుండా “ఎన్ని డిగ్రీలు” అని అడగడం అలవాటు చేసుకోవాలి.

ఆ డిగ్రీలు ఎక్కడి నుంచి లెక్కపెట్టారన్నది కూడా ముఖ్యం. వాల్వు కదలడం మొదలైన దగ్గర నుంచే లెక్కేసి పెద్ద అంకెను కేటలాగులో వేసే తయారీదార్లున్నారు. లోబు 0.050 అంగుళం లేపాక లెక్క మొదలుపెట్టే పద్ధతి అమెరికాలో వాడుక. 1 మి.మీ. దగ్గర కొలిచే పద్ధతీ ఉంది. మొదటి పద్ధతిలో 268 అని రాసిన క్యామే రెండో పద్ధతిలో 218 కావచ్చు. అంటే 230 అని చెప్పినవాడి క్యామ్ 268 అని చెప్పినవాడి క్యామ్ కన్నా ఘాటైనదై ఉండవచ్చు. “268 క్యామ్” అని వదిలేయకుండా “0.050 దగ్గర 218” అని రాస్తే ఎవరైనా పోల్చుకోగలరు.

మూడోది ఇన్‌టేక్ లోబు ముక్కుకూ ఎగ్జాస్ట్ లోబు ముక్కుకూ మధ్య ఉన్న కోణం. దీనికి మన దగ్గర చక్కని మాట ఉంది: ఎడం. డెల్టాలో కుదురుకూ కుదురుకూ ఎడం చూసి నాట్లు వేసేవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ‘లోబుల ఎడం’ అని నిస్సంకోచంగా రాయండి. డ్యూరేషన్‌ను క్రాంకు డిగ్రీల్లో చెబుతారు, ఎడాన్ని క్యామ్ డిగ్రీల్లో చెబుతారు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ లెక్క కట్టేటప్పుడు డ్యూరేషన్‌లో సగం తీసుకుని, ఎడం తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేస్తారు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండింటికీ డ్యూరేషన్ 280 ఉన్న క్యామ్‌లో ఎడం 108 అయితే ఓవర్‌ల్యాప్ 64 డిగ్రీలు, 114 అయితే 52. ఎడం తగ్గితే ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది. ‘పెద్ద’ అన్న మాట పూర్తిగా చేతులెత్తేసేది ఇక్కడే.

ఈ మూడూ కలిసిన వాక్యం ఇలా ఉంటే నిండుగా ఉంటుంది: “స్టాక్ (కంపెనీ అమర్చిన) క్యామ్ కన్నా ఇది ఇన్‌టేక్ వాల్వు లిఫ్ట్‌లో 1 మి.మీ. ఎక్కువ, 1 మి.మీ. దగ్గర కొలిచిన డ్యూరేషన్‌లో 12 డిగ్రీలు ఎక్కువ, లోబుల ఎడంలో 4 డిగ్రీలు తక్కువ.”

“కింద లాగదు, పైన లాగుతుంది” అన్నది నాకు చాలా నచ్చిన వాడుక. లాగడం అన్న ఒక్క క్రియతో టార్కు (ఇంజన్ తిప్పే బలం) మొత్తం తెలిసిపోతుంది. జరిగేది కూడా అదే. డ్యూరేషన్ పెరిగితే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. తక్కువ ఆర్పీఎంలో పిస్టన్ పైకి వస్తూ, లోపలికి వచ్చిన గాలిని వెనక్కి నెట్టేస్తుంది. ఎక్కువ ఆర్పీఎంలో గాలి వేగం దాన్ని తట్టుకుని సిలిండర్‌ను నింపుతూనే ఉంటుంది. కాకపోతే కింద అంటే ఎంత, పైన అంటే ఎంత అన్నది అంకెల్లో రాయాలి. కాలవ గట్ల రోడ్ల మీద, పాలకొల్లు, నరసాపురం బజార్లలో తిరిగే కారుకు ‘కింద’ అన్నదే అసలు సంగతి. అలాంటి బండికి పైన మాత్రమే లాగే క్యామ్ వేయించి “పికప్ పోయింది” అనుకుంటే లాభం లేదు.

ఇక “నాలుగు డిగ్రీలు ముందుకు పెట్టాం.” దీన్ని మాత్రం మార్చక తప్పదు. ‘ముందుకు’ చోటును చెబుతుంది, ‘ముందుగా’ కాలాన్ని చెబుతుంది. క్యామ్‌ను తిప్పే గేరు పళ్లు ఏ వైపుకు జరిగాయన్నది ఒక సంగతి, వాల్వు తొందరగా తెరుచుకుంటుందా అన్నది వేరే సంగతి. “వాల్వులు 4 డిగ్రీలు ముందుగా తెరుచుకునేలా పెట్టాం” అంటే అనుమానానికి తావుండదు. తప్పుగా అర్థం చేసుకుని అటు పెట్టాల్సింది ఇటు పెడితే తేడా 8 డిగ్రీలవుతుంది. అప్పుడు పోయేది కింది లాగుడు ఒక్కటే కాదు. ముందుగా పెడితే ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది, ఆలస్యంగా పెడితే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరవుతుంది. పిస్టన్ మీద మెత్తని క్లే పెట్టి, హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి కొలిచినప్పుడు ఇన్‌టేక్ వైపు సుమారు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. సందు ఉండాలంటారు. చూడకుండా స్టార్ట్ చేస్తే వాల్వులు వంగుతాయి.

‘స్టేజ్ టూ’కు ఏ ప్రమాణమూ లేదు. ఒక కంపెనీ రెండో స్టేజీ ఇంకో కంపెనీ మొదటి స్టేజీకి సమానం కావచ్చు. పోలికలో దాన్ని వాడకండి.

వాల్వు అనే రాయండి. పాఠ్యపుస్తకంలో కవాటం ఉంటే ఉండనివ్వండి. షెడ్డులో ఆ మాట అంటే మెకానిక్ మళ్లీ అడుగుతాడు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఓవర్‌ల్యాప్ ఎక్కువున్న క్యామ్ వేశాక ఐడ్లింగ్ నిలకడగా ఉండదు. దాన్ని “మిస్సింగ్ కొడుతోంది” అనేవాళ్లున్నారు. అది మిస్సింగ్ (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా అంటుకోకపోవడం) కాదు, ‘ఎగుడుదిగుడు ఐడ్లింగ్’ అనాలి. క్యామ్ వల్ల వచ్చే ఎగుడుదిగుడు యాక్సిలరేటర్ తొక్కగానే సర్దుకుంటుంది. మిస్సింగ్ లోడు మీద ఇంకా బయటపడుతుంది. మెకానిక్‌తో మిస్సింగ్ అన్నారంటే ప్లగ్గులు, కాయిల్ మారుస్తాడు. ఎగుడుదిగుడు అని చెప్పి, బ్రేకు పెడల్ గట్టిపడిందేమో కూడా చెప్పండి. ఐడ్లింగ్‌లో ఇన్‌టేక్ వ్యాక్యూమ్ తగ్గితే బ్రేకును తేలిక చేసే బూస్టర్‌కు చాలదు, ముందుగా చూడాల్సింది అదే.