నాన్న నుంచి వస్తేనే గడ్డగా మారే జన్యువు

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. మా అన్నయ్యకు దవడ కింద, మెడ కుడిపక్కన నిమ్మకాయంత గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి తీశారు. పారాగాంగ్లియోమా అన్నారు, రక్తపరీక్షలో ఎస్‌డీహెచ్‌డీ జన్యువులో మార్పు ఉందని తేలింది. చనిపోయిన నాన్నగారికీ అదే చోట గడ్డ ఉండేది, నొప్పి లేదని చూపించుకోలేదు. తాతగారు మాత్రం ఎనభై ఏళ్లు నిక్షేపంలా బతికారు. అమ్మానాన్నలది మేనరికం కాబట్టే ఇలా అయిందని బంధువులంటున్నారు. నాకూ, నా కొడుకూ కూతురికీ ఇది వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మేనరికం సంగతి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు ప్రతులు రెండూ చెడితేనే కనిపించే జబ్బుల్లో దానికి పాత్ర ఉంటుంది. ఇక్కడ ఒక్క ప్రతి చెడినా చాలు కనుక మీ అమ్మానాన్నల చుట్టరికాన్ని తప్పుపట్టనక్కర్లేదు.

మెడలోని పెద్ద ధమని రెండుగా చీలే చోట బియ్యపు గింజంత కణజాలం ఒకటి ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పసిగట్టి మెదడుకు కబురు పంపడం దాని పని. ఎస్‌డీహెచ్‌డీ పనిచేయకపోతే కణంలో సక్సినేట్ అనే పదార్థం పేరుకుపోయి, ఆక్సిజన్ సరిపడా ఉన్నా లేదన్న భ్రమలో ఆ కణాలు పెరుగుతూ పోతాయి; అలా కట్టిన గడ్డే పారాగాంగ్లియోమా. గాలిలో ఆక్సిజన్ తక్కువగా ఉండే దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ఎత్తుల్లో నివసించేవారిలో ఇలాంటి గడ్డలు ఎక్కువగా కనిపిస్తాయన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగ్గ విషయం.

ఈ గడ్డలకు కారణమని 2000లో గుర్తించిన ఈ జన్యువుకు ఒక వింత స్వభావం ఉంది. మార్పు తల్లి నుంచి వచ్చినా తండ్రి నుంచి వచ్చినా బిడ్డకు చేరే అవకాశం సగమే, కానీ గడ్డ కట్టేది దాదాపు ఎప్పుడూ తండ్రి నుంచి వచ్చినప్పుడే. తల్లి నుంచి వచ్చినవారిలో గడ్డలు నమోదైన సందర్భాలు చాలా అరుదు. మీ తాతగారికి అది బహుశా ఆయన తల్లి నుంచి వచ్చి ఉంటుంది, అందుకే ఆయన జోలికి రాలేదు. ఆయన నుంచి మీ నాన్నగారికి, ఆయన నుంచి అన్నయ్యగారికి చేరేసరికి బయటపడింది. ఇంటిపేరులాంటిదే అనిపిస్తుంది గానీ పూర్తిగా కాదు, ఎందుకంటే ఆడపిల్లల వెంట కూడా అది చప్పుడు లేకుండా ప్రయాణిస్తుంది.

కాబట్టి పరీక్ష ముందు మీకు అవసరం. మార్పు ఉంటే అది నాన్నగారి నుంచి వచ్చినదే కనుక మీకు గడ్డలు రావచ్చు. మీ పిల్లలకు మీ నుంచి చేరినా వాళ్లకు గడ్డలు రావడం అరుదు, అయితే మీ అబ్బాయికి ఉంటే రేపు అతని పిల్లలకు రావచ్చు. నిజానికి మీ పిల్లలకన్నా ముందు అన్నయ్యగారి పిల్లలను చూపించాలి; మార్పు ఉన్న పిల్లలకు పది, పదిహేనేళ్ల మధ్య పరిశీలన మొదలుపెడతారు. ఏటా బీపీ, మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ వంటి హార్మోన్ల నుంచి ఏర్పడే పదార్థాల) పరీక్ష, రెండు మూడేళ్లకొకసారి మెడ నుంచి పొత్తికడుపు దాకా ఎంఆర్‌ఐ చేస్తారు. ఈ గడ్డలు ఎక్కువగా ప్రాణాంతకం కావు గానీ ఒకటికి మించి రావచ్చు. కడుపులో వచ్చినవి హార్మోన్లు వదిలి తలనొప్పి, చెమటలు, గుండెదడ తెస్తాయి.

మెడలో గడ్డ కనిపిస్తే తొందరపడి సూదితో గుచ్చనివ్వకండి, అందులో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. ఏ ఆపరేషన్‌కైనా ముందు మెటానెఫ్రిన్లు చూడవలసిందే. ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అన్నయ్యగారి జన్యు రిపోర్టు నకలు తీసుకువెళ్లండి. అందులో రాసిన ఆ ఒక్క మార్పునే మీ రక్తంలో వెతికితే సరిపోతుంది, అది లేదని తేలితే మీ పిల్లలకు ఏ పరీక్షా అక్కర్లేదు.