ప్రశ్న మీది, జవాబు మాది: కౌంటర్-స్ట్రైక్ 1.6కు సొంత సర్వర్

ప్రశ్న: ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టి, కంప్యూటర్లన్నీ కలిపి తెల్లవార్లూ కౌంటర్-స్ట్రైక్ 1.6 అనే తుపాకీ యుద్ధాల ఆట ఆడేవాళ్లం. ఇప్పుడు మా పదిమందిలో కొందరు హైదరాబాదులో, కొందరు బెంగళూరులో, కొందరు విశాఖలో ఉన్నారు. మళ్లీ కలిసి ఆడాలని మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ మీద సర్వర్ (అందరి ఆటనూ కలిపి నడిపే ప్రోగ్రామ్) నడుపుతున్నాను. మా ఇంట్లోని ల్యాప్‌టాప్‌కు అది కనిపిస్తోంది కానీ మిత్రులకు అందడం లేదు. రౌటర్‌లో 27015 పోర్ట్ (బయటి డేటా లోపలికి వచ్చే ద్వారం) తెరిచాను. తప్పు ఎక్కడ జరిగింది?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు రెండు చిన్న విషయాలు చూసుకోండి. ఈ ఆట నెట్ మీద డేటా పంపే యూడీపీ అనే పద్ధతిలో మాట్లాడుతుంది. చాలామంది రౌటర్‌లో టీసీపీ అనే మరో పద్ధతి ఎంచుకుని పోర్ట్ తెరిచామనుకుంటారు. రెండోది, సర్వర్ అమరికల్లో ల్యాన్ మోడ్ (ఇంటి నెట్‌వర్క్‌కే పరిమితం చేసేది) 1గా ఉంటే బయటివారిని సర్వరే తిప్పి పంపుతుంది కాబట్టి దాన్ని 0 చేయాలి. ఈ రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో మీ వైఫై మీద పరీక్షించి లాభం లేదు. ఫోన్ డేటాకు కలిపిన మరో కంప్యూటర్ నుంచి పరీక్షించాలి.

అయినా అందకపోతే, తప్పు మీది కాకపోవచ్చు. రౌటర్ స్టేటస్ పేజీలో ఇంటర్నెట్ వైపు ఏ ఐపీ చిరునామా ఉందో రాసుకుని, మీ ఐపీ ఏదో చెప్పే వెబ్‌సైట్ చూపిస్తున్న దానితో పోల్చండి. రెండూ వేరైతే, ముఖ్యంగా రౌటర్‌లోనిది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, మీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే చిరునామా వాడుతోందన్నమాట. పాత తరహా ఐపీ చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లే. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో అడిగినవారికి అడిగినన్ని ఇచ్చే నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఇలా పంచుకునే ఏర్పాటు కోసమే పైన చెప్పిన వరుసను 2012లో విడిగా కేటాయించారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబరు ఉండి, ఫ్లాట్ నంబరు లేని ఉత్తరం వస్తే వాచ్‌మన్ ఏం చేస్తాడు? మీరు పంపిన ఉత్తరానికి జవాబైతే గుర్తుపట్టి పైకి తెస్తాడు, కొత్త ఉత్తరమైతే వెనక్కి పంపుతాడు. మీ మిత్రుల పిలుపులకు జరుగుతున్నది అదే. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా గేటు దగ్గర ఆగినవి ఫ్లాటు దాకా రావు. కొత్త తరహా ఐపీవీ6 ఉంది కదా అనుకుంటారేమో, 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ ఇంజన్ మీద నడిచే ఈ ఆటకు ఆ భాష తెలియదు.

మీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థను అడిగి, అదనపు రుసుము చెల్లించి స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే చెందిన, మారని చిరునామా) తీసుకోవచ్చు. అయితే వారానికి ఒకరోజు ఆడే పదిమంది కోసం నెలనెలా ఆ ఖర్చు ఎందుకని నా అభిప్రాయం. జీరోటైర్ వంటి సాఫ్ట్‌వేర్‌ను అందరూ తమ కంప్యూటర్లలో పెట్టుకుంటే, ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకే స్విచ్‌కు తగిలించినట్లు ప్రవర్తిస్తాయి. అంటే మీ హాస్టల్ గదే మళ్లీ వచ్చిందనుకోండి. అలాంటిదే అయిన టెయిల్‌స్కేల్ కూడా పనికొస్తుంది కానీ, అది ల్యాన్‌లో అందరికీ వినిపించేలా వేసే కేకలను మోయదు కాబట్టి ఆటలోని జాబితాలో సర్వర్ కనిపించదు. ఆటలో ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ తెరిచి కనెక్ట్ అని కొట్టి, చిరునామా టైప్ చేయాలి. టెయిల్‌స్కేల్ ఇచ్చే చిరునామా కూడా 100తోనే మొదలవుతుంది, దాన్ని చూసి కంగారు పడవద్దు.

ఆటలోంచే న్యూ గేమ్ నొక్కి సర్వర్ పెట్టారేమో మీరు రాయలేదు. అలా పెడితే ఆ కంప్యూటర్ మీద ఆడేవారికి పింగ్ (డేటా సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) దాదాపు ఉండదు, మిగతావారు గొడవ పెట్టుకుంటారు. పైగా ఆయన భోజనానికి లేచి ఆట మూస్తే అందరి ఆటా అయిపోతుంది. స్టీమ్ అనే ఆటల దుకాణం నుంచి ఆదేశాలతో ఫైళ్లు దించే స్టీమ్‌సీఎండీ ద్వారా, ఆట తెరవకుండానే నడిచే డెడికేటెడ్ సర్వర్ విడిగా దించుకోండి, స్టీమ్‌లో దాని సంఖ్య 90. మొదటిసారి ఆదేశం ఇచ్చినప్పుడు ఫైళ్లు సగంలో ఆగిపోవడం ఈ సర్వర్‌కు పాత జబ్బు. పూర్తయినట్లు చెప్పేదాకా అదే ఆదేశాన్ని మళ్లీమళ్లీ ఇవ్వాలి. ఒక్కో ఆటగాడికి సెకనుకు 20,000 బైట్లు పంపినా పదిమందికి 1.6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ చాలు.

ప్రశ్న: మా బృందంలో సగం మంది హైదరాబాదులో, సగం మంది డల్లాస్‌లో ఉన్నాం. ముంబైలో సర్వర్ అద్దెకు తీసుకుంటే మాకు పింగ్ 200 పైనే ఉంటోంది. వేగవంతమైన కనెక్షన్ తీసుకుంటే తగ్గుతుందా?
— ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: తగ్గదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి డల్లాస్‌కు తిన్నగా గీత గీసినా 14,000 కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లు కాంతికే కావాలి, కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువ. నెలకు ఎంత కట్టినా ఈ దూరం తరగదు. అందుకే సర్వర్‌ను ఇటూ అటూ కాకుండా లండన్‌లో పెట్టండి. లండన్ నుంచి హైదరాబాదుకూ, డల్లాస్‌కూ దూరం దాదాపు సమానం, చెరో 7,700 కిలోమీటర్లు. ఇరుపక్షాల పింగూ సాధారణంగా 100 నుంచి 160 మధ్య ఉంటుంది. ఈ ఆటలో, తుపాకీ పేల్చినవారి తెర మీద ఆ క్షణంలో ఎవరు ఎక్కడ కనిపించారో సర్వర్ వెనక్కి వెళ్లి లెక్కించే ఏర్పాటు ఉంది కాబట్టి 150 పింగ్‌తోనూ గురి కుదురుతుంది. దాని మూల్యం, గోడ చాటుకు చేరిపోయామనుకున్న తరువాత కూడా చచ్చిపోవడం. అది మోసం కాదని మీ బృందానికి ముందే చెప్పి ఉంచితే సగం తగాదాలు తప్పుతాయి. ఇక సమయం మాటకొస్తే, మీ శనివారం రాత్రి 8 గంటలు ఇక్కడ ఆదివారం ఉదయం వేసవిలో 6.30, చలికాలంలో 7.30. హైదరాబాదు వారు లేస్తారా అన్నది మీరే తేల్చుకోవాలి.

ప్రశ్న: నెట్ సెంటర్ రోజుల నాటి సీడీలోని ఆటతో చేరబోతే స్టీమ్ ధ్రువీకరణ తిరస్కరించిందని వస్తోంది. ఇలాంటి కాపీలను అనుమతించే ప్లగిన్ (అదనంగా చేర్చే ప్రోగ్రామ్) సర్వర్‌లో పెట్టవచ్చా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అలాంటి ప్లగిన్లు ఉన్నాయి, కానీ పెట్టవద్దని నా సలహా. సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఆట మాత్రం ఎవరికి వారు కొనుక్కోవలసిందే. చట్టం సంగతి అటుంచినా, ఆ పాత కాపీలకు మరమ్మతు చేసేవారు లేరు. బెలోనార్డ్ అనే ట్రోజన్ (దొంగచాటుగా దూరే హానికర ప్రోగ్రామ్) ఈ ఆటలోని లొసుగుల గుండా ఆటగాళ్ల కంప్యూటర్లలో దూరిందనీ, స్టీమ్‌లో కనిపిస్తున్న సుమారు 5,000 సర్వర్లలో 39 శాతం అది సృష్టించిన నకిలీవేననీ డాక్టర్ వెబ్ అనే యాంటీవైరస్ సంస్థ 2019 మార్చిలో బయటపెట్టింది. సర్వర్‌లో చేరడమే అందుకు చాలింది. కాబట్టి అసలు ఆటే కొని, మీ సర్వర్‌కు పాస్‌వర్డ్ పెట్టి, తెలియని సర్వర్ల జోలికి పోకండి. దూరం నుంచి సర్వర్‌ను నడిపే ఆర్‌కాన్ పాస్‌వర్డ్ ఈ పాత ఆటలో దాపరికం లేకుండా, ఉన్నదున్నట్లుగా నెట్ మీద పోతుంది. మీ మెయిల్‌కో బ్యాంకుకో వాడే పాస్‌వర్డ్ అక్కడ పెట్టవద్దు.

ప్రశ్న: పదిమందీ రాని రోజు బాట్లతో (కంప్యూటరే ఆడించే ఆటగాళ్లతో) ఆడవచ్చా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆడవచ్చు. 1.6తో పాటు బాట్లు రావు కాబట్టి వైఏపీబీ అనే ఉచిత బాట్‌ను విడిగా చేర్చుకోవాలి. ఒక మనిషి చేరినప్పుడల్లా ఒక బాట్ తప్పుకునే అమరిక అందులో ఉంది. బాట్లు కూడా ఆటగాళ్ల లెక్కలోకే వస్తాయి, సర్వర్ గరిష్ఠ పరిమితి 32.