రాత్రిపూట కాళ్ల లాగుడు, నడిరాత్రి చెమటలు

ప్రశ్న: నాకు ఏడో నెల. పండుకోంగనే పిక్కలల్ల పురుగులు పాకినట్టయితది. లేచి తిరిగితేనే నిమ్మళం. రక్తం 10.8 ఉన్నది, ‘కడుపుతోటి ఉంటే గింతే’ అంటున్నరు. నిద్రగోలీ వేసుకోవచ్చా?
– హనుమకొండ సోదరి

జవాబు: వద్దమ్మా. కదలకుండా ఉంటే మొదలై, నడిస్తే తగ్గి, రాత్రికి ముదిరే ఈ బాధను ‘రెస్ట్‌లెస్ లెగ్స్’ అంటారు. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గడం దీనికి ముఖ్య కారణం. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 లోపు ఉంటే రక్తహీనతే. ‘గింతే’ అని వదిలేయకూడదు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా రాయమనండి. అది 75 లోపు ఉంటే ఈ బాధకు ఇనుము ఇవ్వడమే మొదటి వైద్యం.

ఇనుము గోలీలు మింగుతున్నా రక్తం పెరగకపోతే తరచూ అడ్డుపడేది చాయ్. గోలీకి, చాయ్‌కి కనీసం గంట, కాల్షియం గోలీకి రెండు గంటలు ఎడం ఉంచండి. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. మలం నల్లబడితే భయపడి మానకండి. వాంతులకు మెటోక్లోప్రమైడ్, జలుబుకు మత్తెక్కించే గోలీ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, అవి కాళ్ల బాధను పెంచుతాయి. చాలామందికి కాన్పయిన కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఒక్క కాలే వాచి నొప్పి పెడితే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, రక్తం గడ్డ కావచ్చు.

ప్రశ్న: నాకు 48 ఏండ్లు, బీడీలు చేస్త. నెలసరి తప్పుతున్నది. రాత్రి రెండింటికి చెమటలు పట్టి మెలకువైతది, మళ్ల నిద్ర రాదు. మా ఆయన దుబాయిల ఉంటడు, రాత్రే ఫోన్ చేస్తడు. పక్కింటామె నిద్రకని అల్ప్రాజోలం గోలీ ఇచ్చింది.
– కోరుట్ల సోదరి

జవాబు: నెలసరి ఆగే దశలో ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గుతుంటే ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం కొద్ది వేడికే చెమటలు పట్టిస్తుంది. చెమటలు మరీ ఎక్కువైతే మందులున్నాయి, స్త్రీల డాక్టరును కలవండి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి.

మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కునుకు వస్తేనే తిరిగి పడుకోండి. ఎంతసేపు నిద్రపోయినా లేచే వేళ మార్చవద్దు. రాత్రి నిద్రను గాడిన పెట్టేది ఇదే. దుబాయి మనకంటే గంటన్నర వెనక. అక్కడ పదింటికి మాట్లాడితే ఇక్కడ పదకొండున్నర. ఆయన పొద్దున ఐదింటికి చేస్తే మీకు ఆరున్నర, అదే మేలు. పొగాకులోని నికోటిన్ చర్మం నుంచి ఒంట్లోకి వెళ్తుంది, నిద్రను చెదరగొడుతుంది. చీకటి పడకముందే పని ముగించి, చేతులు సబ్బుతో కడుక్కుని, బీడీల చాట పడకగది బయట పెట్టండి.

గురక, పొద్దున తలనొప్పి ఉంటే నిద్రలో శ్వాస ఆగుతుందేమో చూపించుకోవాలి. ఈ వయసులో అది పెరుగుతుంది, అలాంటివారికి అల్ప్రాజోలం ప్రమాదం. కొన్ని వారాలుగా దాన్ని వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.