లేక్ ఫోర్క్‌లో జిగ్గుతో బాస్ వేట: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా. చిన్నతనంలో కప్పను ఎరగా గుచ్చి కొరమీనుకు గాలం వేసేవాణ్ణి. ఇప్పుడు డల్లాస్ దగ్గర ఉంటూ, సెలవు రోజుల్లో లేక్ ఫోర్క్ అనే జలాశయంలో జిగ్గుతో (బరువైన లోహపు తల ఉన్న కొక్కేనికి కుచ్చు కట్టిన కృత్రిమ ఎర) లార్జ్‌మౌత్ బాస్ అనే చేపకు ప్రయత్నిస్తున్నాను. మార్చిలో ఒడ్డు పక్కనే బాగా పడిన చేప, జూలైలో అదే చోట ఒక్కటీ తగలలేదు. జిగ్గు మార్చాలా, చోటు మార్చాలా?

జవాబు: ముందు చోటు మార్చండి, తరువాత జిగ్గును లాగే వేగం మార్చండి, జిగ్గు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. బాస్ నెలలను బట్టి కాక నీటి వేడిని బట్టి కదులుతుంది కనుక, రంగురంగుల జిగ్గులు కొనేకంటే ఒక థర్మామీటరు కొనడం మేలని నా అభిప్రాయం.

1980లో ఈ జలాశయాన్ని నింపినప్పుడు చెట్లను చాలావరకు నరకకుండా వదిలేశారు. మోడుల మధ్య ఎర వేయాలంటే కొక్కెం ముందు గట్టి పోగుల రక్షణ ఉన్న జిగ్గే అనువైనది. సగం ఔన్సు, అంటే సుమారు 14 గ్రాముల తల, సిలికాన్ కుచ్చు, వెనుక క్రాఫిష్ (రొయ్యను పోలిన మంచినీటి జీవి) ఆకారపు మెత్తని ప్లాస్టిక్ ఎర ఉంటే ఏడాదిలో ఎక్కువ రోజులు గడిచిపోతాయి.

నీరు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వేడెక్కుతున్నకొద్దీ చేపలు మునిగిన వాగుల మలుపుల నుంచి ఒడ్డు వైపు జరుగుతాయి. 60 దాటాక లోతు తక్కువ చోట గుడ్లు పెడతాయి. మార్చిలో మీకు ఒడ్డున దొరికినవి ఈ చేపలే. గుడ్లకు కాపలా కాసేది మగ చేప. దాన్ని కాసేపు తప్పించినా చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి కనుక, గూడు మీద ఉన్నదాన్ని వదిలేయమనే నేను చెబుతాను.

మీ అసలు చిక్కు వేసవిది. ఎండలకు పైనీరు వేడెక్కి తేలికై, అడుగున ఉన్న చల్లని నీటితో కలవడం మానేస్తుంది. గాలి తగలని ఆ అడుగు నీటిలో ప్రాణవాయువు క్రమంగా తరిగిపోతుంది. కొరమీను అయితే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది; మొప్పల మీదే ఆధారపడిన బాస్‌కు ఆ వీలు లేదు. అందువల్ల ఒడ్డున వేడి, అడుగున ఊపిరాడని నీరు కాగా, పగటిపూట చాలా చేపలు వాటి నడుమ, సుమారు 15 నుంచి 25 అడుగుల లోతున ఉన్న మిట్టల మీద, మునిగిన పాత రోడ్ల అంచుల్లో చేరతాయి. అక్కడ ముప్పావు ఔన్సు ఫుట్‌బాల్ తల (అమెరికన్ ఫుట్‌బాల్‌లా కోలగా ఉండే తల) జిగ్గును నేల మీద ఈడ్చండి. బంకమట్టి మీద అది నున్నగా జారుతుంది, గులకరాళ్ల మీద కర్ర కొన టకటకలాడుతుంది. ఆ మార్పు తెలిసిన చోటే ఆగి, మళ్లీ మళ్లీ వేయండి. తెల్లవారుజామున మాత్రం ఒడ్డు పక్క గడ్డిని వదలవద్దు.

ఏ కాలంలోనైనా చాలా చేపలు జిగ్గు కిందికి దిగేటప్పుడే అందుకుంటాయి. కర్ర అదిరేదాకా ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే. తంగూసు నీటిని తాకే చోటు మీద చూపు నిలపండి. అది పక్కకు జరిగినా, జిగ్గు నేల తాకవలసిన సమయానికి ముందే వదులైనా, వెంటనే తంగూసు బిగించి, కొక్కెం దిగేలా కర్రను గట్టిగా పైకి లాగండి.

శరత్కాలంలో షాడ్ అనే చిన్న చేపల గుంపులు వాగుల లోపలికి వెళతాయి, బాస్ వాటి వెంట పడుతుంది; అప్పుడు ఈదించే జిగ్గు మంచిది. చలికాలంలో చేపకు ఆకలి మందగిస్తుంది. తేలికైన జిగ్గును వాగు అంచు మోడుల పక్కన దించి, కదిలీ కదలనట్టు జరపండి. చేప అందుకున్నా తడిగడ్డి తగులుకున్నట్టు కాస్త బరువు తెలుస్తుంది, అంతే. చలి అని ఇంట్లో కూర్చోవద్దు: టెక్సాస్ రికార్డు అయిన 18.18 పౌండ్ల లార్జ్‌మౌత్ ఈ జలాశయంలోనే 1992 జనవరిలో పడింది.

ప్రశ్న: పట్టిన బాస్‌ను వండుకోవడానికి ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న లార్జ్‌మౌత్‌ను వెంటనే నీటిలోకి వదలాలి. రోజుకు ఐదు ఉంచుకోవచ్చు గాని, వాటిలో 24 అంగుళాలు లేదా అంతకు మించినది ఒక్కటే ఉండాలి. కూరకు 16 అంగుళాల లోపువే తెచ్చుకోండి. కొలబద్ద పడవలో ఉండాలి, కంటి అంచనా చెల్లదు.