పడమటి ఎండను అద్దానికి బయటే ఆపాలి

చెన్నై మడిపాక్కంలో పడమర ముఖంగా ఇల్లు కట్టుకుంటున్నామనీ, ముందు గోడంతా అద్దాలు పెట్టి లోపల మందపాటి పరదాలు వేస్తే చాలని డిజైనర్ అంటున్నారనీ రాశారు. చాలదండీ. అద్దం దాటి వచ్చిన ఎండ పరదాను వేడెక్కిస్తుంది, ఆ పరదా గదిని వేడెక్కిస్తుంది.

నమ్మకం కుదరకపోతే పుదుచ్చేరి వెళ్లి అరవిందాశ్రమం వారి ‘గోల్కొండ’ వసతిగృహం చూడండి. ముందుగా అనుమతి తీసుకోవాలి. జపాన్‌లో పేరు తెచ్చుకున్న ఆర్కిటెక్ట్ ఆంటోనిన్ రేమండ్ 1930లలో దాన్ని రూపొందించారు. హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ చొరవతో విరాళం అందింది కాబట్టి ఆ పేరు. పొడవాటి వైపులు ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. అటూ ఇటూ కిటికీ అద్దాలే లేవు, చేత్తో తిప్పే అడ్డరెక్కలు (లూవర్లు) మాత్రమే. నేను మండువేసవిలో వెళ్లాను. రెక్కల సందుల్లోంచి తోట పచ్చదనం కనిపిస్తుంది గానీ, కళ్లు చికిలించాల్సిన వెలుగు రాదు.

అయితే దాన్ని ఉన్నదున్నట్టు దింపుకుంటే మీకు పనికిరాదు. అడ్డరెక్కలు నడినెత్తి సూర్యుడికి బాగా పనిచేస్తాయి. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు కిందికి దిగి ఎదురుగా కొడతాడు, అప్పుడు రెండడుగుల సజ్జా ఉత్త అలంకారం. మా ఇంట్లో పడమటి కిటికీలకు బయట, గోడకు జానెడు ఎడంగా అల్యూమినియం చట్రం కట్టించి, ఇరుసు మీద తిరిగే నిలువు పలకలు పెట్టించాం. మా మేస్త్రీ ఇనుము చవక అన్నాడు కానీ ఉప్పుగాలికి అది ఎన్నాళ్లు నిలుస్తుంది? వేసవిలో సూర్యుడు వాయవ్యానికి జరుగుతాడు కాబట్టి పలకలను నైరుతి వైపు తెరిచి ఉంచుతాం. తుపాను వస్తోందంటే మూసి గడియ పెడతాం. ఇదివరకు రాత్రి పడుకునే వేళకు కూడా ఆ గోడ దించిన పెనంలా ఉండేది, ఇప్పుడు ఆనుకుని కూర్చోగలుగుతున్నాం.

ఉత్తరపు కిటికీలకు ఎండ రాదని వదిలేయకండి. చెన్నైలో ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. కర్తరి ఎండలన్నీ ఆ రోజుల్లోనే. అక్కడ మామూలు సజ్జా చాలు. తూర్పున మాత్రం పెద్ద కిటికీలే పెట్టించండి, మధ్యాహ్నం సముద్రపు గాలి వచ్చేది అటునుంచే.

ఇక డాబా. సికింద్రాబాద్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా హైదరాబాద్ ఈసీఐఎల్ కార్యాలయానికి 1960లలోనే పైన పందిరి వేశారు. మీరు అంత చేయనక్కర్లేదు, నీరు నిలవకుండా వాలు చూసుకుని తెల్ల టైల్స్ పరిపించండి. అద్దాల గోడ మానుకుంటే మిగిలే డబ్బు దీనికి, పలకలకు సర్దుబాటు కావచ్చు. రెండింటికీ కొటేషన్ అడిగి చూడండి.